బంధువు కానివారు కావలెను

మా కోరంగి క్రొకొడైల్స్ ఫుట్‌బాల్ క్లబ్బు ఆడిన ప్రతి ఆటా ఓడిపోయిందని కాకినాడ అంతా చెప్పుకుంటారు. అది పూర్తిగా నిజం కాదు. ఒకసారి వాన పడి ఆట ఆగిపోయింది. ఆ రోజు ఊరంతా మేము కాజాలు పంచాం.

నేను ఆ క్లబ్బులో వ్యూహ విభాగం డైరెక్టర్ని. నాగమల్లేశ్వరరావు నా పేరు. అర్హతలేమిటని అడిగేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు కనుక ముందే చెప్పేస్తున్నాను. మా చైర్మన్ వీరభద్రం గారి తోడల్లుడికి నేను స్వయానా తమ్ముణ్ణి. క్లబ్బు ఆఫీసులో మేము పాతికమందిమి, అందరం ఇలాంటి అర్హతలున్నవాళ్ళమే. జట్టు డాక్టరు చైర్మన్ గారి పెదనాన్న కొడుకు. ఆయన పశువుల డాక్టరు, అయినా కాళ్ళు ఎవరివైనా కాళ్ళే కదా. ప్రచార విభాగం చూసే సుబ్బలక్ష్మి గారు చైర్మన్ గారి మేనత్త. ఆవిడకి విడిగా ప్రచారం అక్కర్లేదు, ఒక మాట ఆవిడ చెవిన పడితే చాలు.

వీళ్ళందరికీ పైన మానవ వనరుల డైరెక్టరు రామాయమ్మ పిన్నిగారు ఉంటారు. చైర్మన్ గారి కన్నతల్లి చిన్నప్పుడే పోతే ఎత్తుకుని పెంచింది ఈ పిన్నిగారే. రొయ్యల వ్యాపారంలో ఎంతమందిని గడగడలాడించినా, ఆవిడ కళ్ళజోడు సవరించుకుందంటే మా చైర్మన్ గారు కుర్చీలో సర్దుకుని కూర్చుంటారు. ఆవిడకి ఒక విద్య ఉంది. ఎదుటి మనిషి ఊరు, ఇంటిపేరు చెబితే చాలు, కాఫీ చల్లారేలోగా ఆ మనిషి తనకి ఏమవుతాడో తేల్చేస్తుంది. మా ఆఫీసులో ఉద్యోగాలన్నీ ఆ పద్ధతిలోనే భర్తీ అయ్యాయి.

ఈ ఏడాది ఇంకా ఒక్క ఆట మిగిలి ఉందనగా మా కోచ్ గారు కాశీయాత్రకని వెళ్ళి తిరిగి రాలేదు. ఆయన చైర్మన్ గారి వియ్యంకుడు. అక్కడ ఫుట్‌బాల్ లేదని, మనసు చాలా ప్రశాంతంగా ఉందని కబురు పంపారు. ఆ సాయంత్రమే చైర్మన్ గారు తన బావమరిది బుల్లబ్బాయిని కోచ్‌గా వేసేద్దాం అనుకున్నారు.

మా దగ్గర అనుకోవడం అంటే ఫ్లెక్సీ వేయించడం. తెల్లారేసరికి స్టేడియం గేటు మీద బుల్లబ్బాయి బావ వెలిశాడు. నల్ల కళ్ళజోడు, చెవి దగ్గర సెల్‌ఫోను, వెనకాల నోరు తెరిచిన మొసలి. కింద 'మా కొత్త కోచ్ గారికి హృదయపూర్వక శుభాకాంక్షలు' అని, దాని కింద మా పాతికమంది ఫొటోలు. బావకి నాలుగు లారీలున్నాయి. ఫుట్‌బాల్ ఎప్పుడూ ఆడలేదు గానీ గొంతు చాలా పెద్దది. గేటు దగ్గర అరిస్తే అవతలి గోలు దగ్గరున్నవాడు ఉలిక్కిపడతాడు. కోచ్‌కి ఇంతకంటే ఏం కావాలో నాకు తెలీదు. తెలిస్తే నేను వ్యూహ విభాగంలో ఎందుకుంటాను.

సరిగ్గా అప్పుడే, మిగతా క్లబ్బుల్లో ఏడాదిగా నడుస్తున్న ఉత్తర్వు ఒకటి తీరాంధ్ర ఫుట్‌బాల్ సమాఖ్య నుంచి మా మీదా ఊడిపడింది.

"ఇందుమూలముగా సభ్య క్లబ్బులన్నిటికీ తెలియజేయునది ఏమనగా, ఏ పదవినైనా భర్తీ చేయుటకు ముందు, సదరు కార్యాలయములో అల్పసంఖ్యాకులైన వర్గము నుండి కనీసము ఒక అభ్యర్థిని చిత్తశుద్ధితో ఇంటర్వ్యూ చేయవలెను. చిత్తశుద్ధిని ధ్రువీకరించుటకు పరిశీలకుడు విచ్చేయును."

పరిశీలకుడు భీమశంకరం గారు చేతిసంచీతో విచ్చేశారు. మా ఆఫీసులో అల్పసంఖ్యాక వర్గం ఏదో ముందు ఆయన తేల్చాలి. గదిగదికీ తిరిగి ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి వివరాలు రాసుకున్నారు. చివరికి చైర్మన్ గారి ఎదుట గొంతు సవరించుకున్నారు.

"సమగ్ర పరిశీలన మీదట తేలిన అంశం ఏమిటంటే, ఈ కార్యాలయంలో అల్పసంఖ్యాక వర్గం పేరు 'బంధువు కానివారు'. వారి సంఖ్య ప్రస్తుతానికి సున్నా."

"అదేంటండీ, మా వాచ్‌మన్ వెంకన్న ఉన్నాడు కదండీ," అన్నారు చైర్మన్ గారు, ఆశగా.

"వారు మీ శ్రీమతి గారికి వేలువిడిచిన మేనమామ అని వారే వాంగ్మూలం ఇచ్చారు."

"ఓహో, అందుకా మనం వెళ్తే లేచి నిలబడడు," అని చైర్మన్ గారు ఆశ్చర్యపోయారు.

విషయం తేలిగ్గా తీసుకునేది కాదు. ఆఖరి ఆట ఆదివారం, మాలాగే అట్టడుగున ఉన్న బందరు బెబ్బులుల మీద. అందులో కనీసం సమం చేస్తే పై డివిజన్‌లో ఉంటాం. నిబంధన ప్రకారం కోచ్‌ని వేసుకోకపోతే అసలు మైదానంలోకే దిగనివ్వరు, ఆడకుండానే కిందికి పడిపోతాం. పడ్డామంటే క్లబ్బు మూసేసి స్టేడియంలో రొయ్యపొట్టు ఎండబెడతానని చైర్మన్ గారు తేల్చి చెప్పేశారు. పాతికమంది అయినవాళ్ళం రోడ్డున పడతాం. బయట ఎక్కడా మేము పనికిరామని మాకు బాగా తెలుసు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

కావలసిందల్లా బంధువు కాని ఒక్క మనిషి. వచ్చి, కూర్చుని, ఇంటర్వ్యూ ఇచ్చి, శాలువా కప్పించుకుని వెళ్ళిపోతే చాలు. శాలువా ఉత్తర్వులో లేదు. మా ఇంటికొచ్చిన మనిషిని ఉద్యోగం లేదని వట్టి చేతులతో పంపడం బాగుండదని పిన్నిగారు పెట్టిన పద్ధతి అది, మిగతా క్లబ్బుల్లోనూ ఇంతేనట.

మొదటి అభ్యర్థి జాన్ ప్రభాకర్ అనే కుర్రాడు, వ్యాయామ కళాశాలలో కోచింగ్ చదివాడు. చైర్మన్ గారు, పిన్నిగారు, నేను ఒకవైపు కూర్చున్నాం. మూలన భీమశంకరం గారు కలం పట్టుకుని కూర్చున్నారు. నేను వ్యూహం గురించి ఒక ప్రశ్న తయారుచేసుకుంటూ ఉండగానే పిన్నిగారు మొదలుపెట్టేసింది.

"ఏ ఊరు నాయనా?"

"అంబాజీపేటండీ."

"అంబాజీపేటలో ఎవరి తాలూకు?"

"కమలమ్మ టీచరు గారని, మా అమ్మకి అమ్మండీ."

పిన్నిగారు కుర్చీలోంచి లేచిపోయింది. "కమలమ్మ టీచరా! ఓరి నా తండ్రే! నాకు అక్షరాలు దిద్దించిన చెయ్యిరా అది! మా అమ్మ ఆవిణ్ణి నోరారా అక్కా అని పిలిచేది. అంటే మీ అమ్మ నాకు అక్కయ్యేరా. నువ్వు నాకు కొడుకువి!"

భీమశంకరం గారు కలం మూత పెట్టారు. "బంధుత్వం నిర్ధారణ అయినందున ఈ ఇంటర్వ్యూ చెల్లదు."

ఆ కుర్రాడు పిన్నిగారింట్లో భోజనం చేసి, ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టి వెళ్ళాడు. మంచి పిల్లాడు, పాపం. అభ్యర్థిగా మాత్రం పనికిరాకుండా పోయాడు.

రెండో అభ్యర్థి తునికి చెందిన మస్తాన్ వలీ. ఇతనితో భయం లేదనుకున్నాం. పిన్నిగారిని చైర్మన్ గారు ముందే బతిమాలుకున్నారు. ఆవిడ ఎంతసేపో నోరు బిగబట్టుకుని కూర్చుంది. చివరికి మంచినీళ్ళు అందిస్తూ, "మీ నాయనమ్మ పేరేంటి బాబూ?" అంది, ఏమీ ఎరగనట్టు.

"హుస్సేన్‌బీ అండి."

"తుని రైల్వే గేటు పక్కన పెంకుటింట్లో ఉండే హుస్సేన్‌బీయేనా?" పిన్నిగారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఒరే వీరభద్రం! మీ నాన్న పుట్టినప్పుడు మీ నాయనమ్మకి విషజ్వరం వస్తే, పాలిచ్చి బతికించిన తల్లిరా ఆవిడ! ఈ అబ్బాయి నీకు అన్నయ్య అవుతాడు. కూర్చున్నావేంట్రా, లే!"

చైర్మన్ గారు లేచి అభ్యర్థి కాళ్ళకి నమస్కారం చేశారు. భీమశంకరం గారు కలం మూత పెట్టేశారు. మూత పెట్టే అలవాటు ఆయనకి వచ్చేసింది.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇంకో ఘోరం జరిగింది. పప్పులో నెయ్యి వేస్తూ పిన్నిగారు భీమశంకరం గారిని మీ అత్తగారి పుట్టిల్లు ఎక్కడండీ అని అడిగింది. ఆయన తాళ్ళకోడూరు అన్నారు. తాళ్ళకోడూరు పిన్నిగారి సొంత ఊరు. రసం వచ్చేసరికి ఆయన మాకు అల్లుడైపోయారు. అల్లుడు మొదటిసారి ఇంటికొస్తే ఊరికే పంపకూడదని పిన్నిగారు పట్టుపంచె పెట్టింది. ఆయన దాన్ని కట్టుకునే, తాను ఇక పరిశీలకుడిగా పనికిరానని తన మీద తానే నివేదిక రాసుకుని బస్సెక్కారు.

సమాఖ్య ఈసారి ఏకాంబరం గారిని పంపింది. ఆయన మదనపల్లె మనిషి. తన ఇంటిపేరు చెప్పలేదు. మంచినీళ్ళు కూడా ఇంటి నుంచే సీసాలో తెచ్చుకున్నారు. రాగానే ఒక కాగితం చదివారు.

"ఇంతవరకు జరిగిన అవాంఛనీయ సంఘటనల దృష్ట్యా, ఇకపై అభ్యర్థి ఊరు, ఇంటిపేరు, తాత, ముత్తాత, నాయనమ్మ, అమ్మమ్మల ప్రస్తావన నిషిద్ధం. అభ్యర్థి తెర వెనక కూర్చుంటారు. అభ్యర్థికి పేరు ఉండదు, సంఖ్య ఉంటుంది."

"మరి టిఫినుంటుందా బాబూ?" అని అడిగింది పిన్నిగారు.

ఏకాంబరం గారు కాగితం తిరగేసి చూశారు. టిఫిను గురించి నిషేధం లేదు. అదే ఆయన చేసిన పొరపాటు.

తెర కట్టాం. వెనక మూడో నంబరు అభ్యర్థి కూర్చున్నాడు. పెసరట్టు లోపలికి వెళ్ళింది. కాసేపటికి తెర వెనక నుంచి సన్నగా, "కాస్త బెల్లం ముక్క ఉంటే ఇప్పించండి," అని వినిపించింది. పిన్నిగారు చెయ్యెత్తి అందరినీ నిశ్శబ్దంగా ఉండమంది.

"పెసరట్టులో బెల్లం నంజుకునేది మా తాళ్ళకోడూరు పడమటి వీధిలో ఒక్క కొల్లావారే. బాబూ, మీ అమ్మ పేరు కాంతమ్మా, చిట్టెమ్మా?"

"కాంతమ్మండీ," అంది తెర.

టిఫిను కూడా నిషేధించారు. నాలుగో నంబరు అభ్యర్థి ఏమీ తినలేదు, ఏమీ మాట్లాడలేదు. తెర మీది దుమ్ముకి ఒక్క తుమ్ము తుమ్మాడు. "ఇది మా చిట్టిమావయ్య తుమ్మే," అంది పిన్నిగారు. తెర తీసి చూస్తే చిట్టిమావయ్య గారి మనవడే.

శనివారం వచ్చేసింది. బుల్లబ్బాయి బావ రోజూ పొద్దున్నే గేటు దగ్గర తన ఫ్లెక్సీ కింద నిలబడి గొంతు సాధన చేస్తున్నాడు. చైర్మన్ గారు స్టేడియంలో రొయ్యపొట్టు ఎంత పడుతుందో చూసుకుని వచ్చారు. ఏకాంబరం గారు ఇక ఆగలేక సమాఖ్యకి ఫోను చేశారు.

"ఏ క్లబ్బు పిలిచినా వెళ్ళే అభ్యర్థి ఒకరున్నారు. వారిని పంపుతున్నారు," అని చెప్పారు మాకు.

ఆవిడ ఆటోలో దిగింది. పొట్టిగా, గట్టిగా, ట్రాక్ సూటులో ఉంది. మెడలో విజిలు. గేటు దగ్గర ఆగి, ఫ్లెక్సీలో బుల్లబ్బాయి బావని తలెత్తి చూసి, తల పంకించి లోపలికి వచ్చింది. పేరు లాల్‌రెమ్‌పుయి. సొంత ఊరు మిజోరంలో. కాకినాడ కాన్వెంటులో పన్నెండేళ్ళుగా ఆటల టీచరు. ఏకాంబరం గారు తెర అక్కర్లేదన్నారు. చూస్తేనే తెలుస్తోంది కదా, ఈవిడ ఎవరికీ ఏమీ కాదని.

"ఏం తల్లీ, తెలుగు వచ్చా?" అంది పిన్నిగారు.

"ఆయ్, వచ్చండీ. కాన్వెంటులో పిల్లలతో అరిచి అరిచి వచ్చేసిందండీ."

మా ముగ్గురికంటే ఆవిడదే అసలైన కాకినాడ మాట. ఏకాంబరం గారు జాలిపడి నిషేధాలన్నీ ఎత్తేశారు. అడగాల్సింది అడుక్కోండని పిన్నిగారికి చెయ్యి చూపించారు. పిన్నిగారు కళ్ళజోడు తుడుచుకుంది.

"ఇంటిపేరేంటమ్మా?"

"మా వైపు ఇంటిపేర్లు ఉండవండీ."

పిన్నిగారు అర్థం కానట్టు నా వైపు చూసింది. నేను చైర్మన్ గారి వైపు చూశాను.

"ఇంటిపేరు లేకుండా ఎలాగమ్మా? మరి పెళ్ళిశుభలేఖలో ఏం వేస్తారు?"

"పేరు వేస్తామండీ."

పిన్నిగారు ఊరు అడిగింది. ఆవిడ చెప్పింది. పిన్నిగారు ఆ ఊరికి ఏ మార్గంలో వెళ్తారో అడిగింది. రైలెక్కి, ఇంకో రైలెక్కి, జీపెక్కి, కొండెక్కాలంది ఆవిడ. ఆ దారిలో ఎక్కడా మనవాళ్ళు లేరు. అమ్మమ్మ అడిగింది, మేనమామలు అడిగింది, కాన్వెంటులో చదివిన పిల్లల పేర్లన్నీ అడిగింది. పెసరట్టు పెట్టించింది. ఆవిడ బెల్లమూ అడగలేదు, అల్లం పచ్చడీ అడగలేదు, ఉప్పు చల్లుకుని తినేసింది. పిన్నిగారికి చెమటలు పట్టాయి. నాకు తెలిసి ఆవిడ ఓడిపోవడం అదే మొదటిసారి. చివరికి కుర్చీలో వెనక్కి వాలిపోయి, "నా వల్ల కాదురా వీరభద్రం," అంది.

ఏకాంబరం గారు వచ్చాక మొదటిసారి నవ్వారు. "ఇంటర్వ్యూ నిర్ద్వంద్వంగా చెల్లుతుంది," అన్నారు.

చైర్మన్ గారు ఊపిరి పీల్చుకున్నారు. బయట బుల్లబ్బాయి బావ ఈల వేశాడు. నేను శాలువా తీసుకుని లేచాను. ఆవిడ కూర్చునే ఉంది.

"ఒక్క మాటండీ. ఇది నాకు పదో ఇంటర్వ్యూ. ఇంట్లో తొమ్మిది శాలువాలున్నాయి. మా కాన్వెంటు పిల్లలకి గోలు వెనకాల వల లేకపోతే శాలువాలే కట్టానండీ. అన్ని చోట్లా గేటు మీద ఇంకొకరి ఫొటో చూసే లోపలికెళ్ళాను. ఉద్యోగం ఇవ్వరని తెలుసు. నాకు జట్టు కావాలండీ, అయినా అడగను. ఒక్క ఫుట్‌బాల్ ప్రశ్న అడగండి, చాలు. ఇంతవరకూ ఎవ్వరూ అడగలేదు."

నాకు నిజంగా సిగ్గేసింది. వ్యూహ విభాగం డైరెక్టర్ని నేనే కనుక అడగాల్సింది నేనే. ఎంత ఆలోచించినా ఏ ప్రశ్నా రాలేదు. చివరికి, "బంతి ఎంత బరువుంటుందమ్మా?" అన్నాను.

ఆవిడ మొహం వెలిగిపోయింది. పొడిగా ఉంటే ఇంత, తడిస్తే ఇంత, గాలి ఎక్కువైతే ఎలా ఎగురుతుందో, తక్కువైతే ఎలా చచ్చుబడుతుందో చెప్పుకుంటూ పోయింది. అక్కణ్ణుంచి మా జట్టు మీదకి వచ్చింది. మీ ఆటలన్నీ ప్రహరీ మీంచి చూశానండీ, మీ గోల్‌కీపరు దక్షిణం వైపు ఎందుకు తిరగడండీ అని అడిగింది. వాస్తు బాగోదని రెండో సగంలో పక్కకి తిరిగి నిలబడతాడని చెప్పాను. ఆవిడ నవ్వలేదు. చాలా బాధపడింది. మా జట్టు గురించి బాధపడిన మనిషిని నేను అదే చూడటం.

సన్మానం మొదలైంది. నేను శాలువా కప్పాను. ఆడమనిషి కనుక పిన్నిగారు లోపలికి వెళ్ళి రవికెల గుడ్డ, అరటిపళ్ళు, మూర పూలు తెచ్చింది. బొట్టు పెట్టనా తల్లీ అని అడిగి, చర్చికి వెళ్తానండీ అంటే, సరేలే అని పూలు మాత్రం పెట్టింది. రవికెల గుడ్డ చేతిలో పెడుతూ, మా ఇళ్ళల్లో ఏ ఆడపిల్లని సాగనంపినా అనే మాటే అంది.

"వెళ్ళిరా తల్లీ. ఇది నీ పుట్టిల్లే అనుకో."

ఏకాంబరం గారి కలం ఆగిపోయింది. "ఏమన్నారు?"

"పుట్టిల్లే అనుకో అన్నాను బాబూ."

"అభ్యర్థికి ఈ కార్యాలయం పుట్టిల్లు అయినట్లు మానవ వనరుల డైరెక్టరు వారే స్వయంగా ప్రకటించినందున," అని ఏకాంబరం గారు పైకి చదువుతూ రాసుకున్నారు, "బంధుత్వం నిర్ధారణ. ఇంటర్వ్యూ చెల్లదు."

చైర్మన్ గారు టేబులు మీదుగా ఆయన చెయ్యి పట్టుకున్నారు. "అయ్యా, అది మాటవరసకి అన్నదండీ! అందరితోనూ అంటుందండీ!"

"మాటవరసకేంట్రా?" పిన్నిగారు ఆయన వైపు తిరిగింది. పొద్దుటి నుంచి ఓడిపోయి ఉంది కదా, మొహంలోకి రక్తం తిరిగి వచ్చింది. "రవికెల గుడ్డ, పూలు పెట్టి, నోటితో పుట్టిల్లని చెప్పి, కాదని మాట మార్చుకోనా? వరస దొరకలేదని ఇందాకణ్ణుంచి నేనేడుస్తుంటే అదే దొరికింది. ఇది నా కూతురు. నీకు చెల్లెలు. ఈ ఇంటి ఆడపడుచు."

లాల్‌రెమ్‌పుయి అరటిపళ్ళని టేబులు మీద పెట్టి మళ్ళీ కూర్చుంది.

"సరే పిన్నీ, చెల్లెలే," అన్నారు చైర్మన్ గారు నీరసంగా. "చెల్లెలికి ఏం కావాలో చెప్పు, పెడతాను."

"చెప్పింది కదరా! జట్టు కావాలంది. ఇంటి ఆడపడుచు నోరు తెరిచి ఒకటి అడిగితే, దాన్ని కాదని పెళ్ళాం తమ్ముడికి పెడతావా? నలుగురూ నవ్వరూ?"

ఆ ప్రశ్నకి మా క్లబ్బు నియమావళిలో జవాబు లేదు. మా ఇళ్ళల్లో ఉంది. చైర్మన్ గారు ఫ్యాను వైపు చూస్తూ, "బుల్లబ్బాయికి పెట్టను," అన్నారు.

ఇదంతా కిటికీలోంచి వింటున్న బుల్లబ్బాయి బావ తలుపు తోసుకుని వచ్చాడు. ఆ గొంతుకి టేబులు మీది గ్లాసులు కదిలాయి.

"ఏంటి బావా ఇది? ఫ్లెక్సీ వేయించి, ఊరంతా దండలేయించుకున్నాక ఇదా? సరే! ఈ క్షణం నుంచి మీకూ నాకూ ఏ సంబంధమూ లేదు! చచ్చినా మీ గడప తొక్కను! మీరెవరో, నేనెవరో!"

ఏకాంబరం గారు చటుక్కున తలెత్తారు. కలం మళ్ళీ తెరిచారు.

"క్షమించాలి. ఇప్పుడన్నది మళ్ళీ అంటారా?"

"వందసార్లంటాను! నాకూ వీళ్ళకీ ఏ సంబంధమూ లేదు!"

"తనకు ఈ కార్యాలయంతో ఎట్టి బంధుత్వమూ లేదని సదరు వ్యక్తి సాక్షుల సమక్షంలో ప్రకటించినందున," అంటూ ఏకాంబరం గారు రాయడం మొదలుపెట్టారు. ఆయన కళ్ళల్లో ఇల్లు చేరబోతున్న మనిషి సంతోషం కనిపించింది. "అల్పసంఖ్యాక వర్గ అభ్యర్థి లభ్యమయ్యారు. దయచేసి కూర్చోండి. మిమ్మల్ని ఇంటర్వ్యూ చేయాలి."

బావకి ఏం జరుగుతోందో తెలిసేలోపల నేను కుర్చీ వేసేశాను. నా ఉద్యోగం నాకు ముఖ్యం కదా.

"ఏ ఊరు నాయనా?" అంది పిన్నిగారు.

"నా ఊరు నీకు తెలీదా అత్తా?"

"అత్తా అన్న పదం గమనించాను," అన్నారు ఏకాంబరం గారు భయంగా.

"నోరు జారిందండీ! ఈవిడెవరో నాకు తెలీదు! నేనెప్పుడూ చూళ్ళేదు!" అని బావ టేబులు గుద్దాడు. కోపంలో ఉన్న మనిషి చిత్తశుద్ధిని ఎవరూ శంకించలేరు. ఇంటర్వ్యూ చెల్లింది. పిన్నిగారు సైగ చేస్తే నేను బీరువాలోంచి ఇంకో శాలువా తీసి బావ భుజాల మీద కప్పాను. ఆ తరువాత నియమానుసారంగా లాల్‌రెమ్‌పుయిని కోచ్‌గా వేసుకున్నట్టు ఏకాంబరం గారు ముద్ర వేసి, సీసాలో మిగిలిన నీళ్ళు తాగేసి, స్టేషనుకి వెళ్ళిపోయారు.

ఆదివారం ఆట జరిగింది. ఆవిడ పెద్దగా ఏమీ చేయలేదు. ఎండలో పరిగెత్తకూడదని డాక్టరు చెప్పిన మా ముందువరస ఆటగాడు శ్రీనుబాబుని నీడలో బెంచీ మీద కూర్చోబెట్టింది. వాడు క్లబ్బులో చేరాక అంత సంతోషంగా ఉండటం చూడలేదు. గోల్‌కీపరుని పక్కకి పిలిచి, వాస్తు ఇంటికే గానీ తలుపు లేని దానికి వర్తించదని చెప్పింది. వాడు ఆలోచించి, నిజమే సుమా అని దక్షిణానికి తిరిగి నిలబడ్డాడు. ఇక మిగిలినవాళ్ళని ఎవరు ఎక్కడ ఆడగలరో అక్కడ పెట్టింది. మేము గోలు కొట్టలేదు. బెబ్బులులూ కొట్టలేకపోయారు. ఆట సమం అయింది, అదీ వాన పడకుండా. చైర్మన్ గారు మైదానంలోకి పరిగెత్తి చెల్లెల్ని ఎత్తుకోబోయి, బలం చాలక తనే కిందపడ్డారు. నాకూ ఏడుపొచ్చింది. మా ఉద్యోగాలు నిలబడ్డాయి.

అనుకున్నాను.

సోమవారం పొద్దున్న కోచ్ గారు ఆఫీసుకి వచ్చింది. కొత్త ఏడాదికి ఆఫీసులో అన్ని పదవులకీ మళ్ళీ ఇంటర్వ్యూలు చేస్తానంది. ఆడపడుచు మాట కనుక చైర్మన్ గారు కాదనలేదు. మొదట నన్నే పిలిచింది. నేను ధైర్యంగానే వెళ్ళి కూర్చున్నాను. తోడల్లుడి తమ్ముణ్ణి కనుక వరసకి నేను అన్నయ్యనే.

"మల్లేశన్నయ్యా, కాఫీ తాగారా?" అంది ఆప్యాయంగా.

"తాగానమ్మా."

"ఆఫ్‌సైడ్ అంటే ఏంటో చెప్పండి అన్నయ్యా."

నేను నవ్వాను. "మనలో మనకి ఆ ప్రశ్నలెందుకమ్మా?"

"మనలో మనం కనుకే మొహమాటం లేకుండా అడుగుతున్నానన్నయ్యా," అంది. నేను చెప్పలేకపోయానని వేరే చెప్పక్కర్లేదు. ఆవిడ లేచి, పాపం ఎంతో మర్యాదగా, నాకు శాలువా కప్పింది. ముదురాకుపచ్చది, జరీ అంచు. నేనే కొన్నది.

ఇంటి దగ్గర కూర్చుని ఉండగా బందరు బెబ్బులుల నుంచి ఫోను వచ్చింది. వాళ్ళకీ ఒక డైరెక్టరు కావాలట. ఆఫీసంతా వాళ్ళ చైర్మన్ గారి బంధువులే కనుక నిబంధన ప్రకారం బయటి మనిషి ఒకరు కావాలట. మీకు మా వాళ్ళెవరితోనూ ఏ సంబంధమూ లేదు కదండీ అని రెండుసార్లు అడిగి నిర్ధారించుకున్నారు. బుల్లబ్బాయి బావకి కూడా ఫోను వచ్చిందట గానీ, పోటీ ఎక్కువైతే బాగోదని ఆయన కాకినాడలోనే ఉండిపోయాడు.

ఇప్పుడు వాళ్ళ స్టేడియం ముందు ఆటో దిగాను. గేటు మీద పెద్ద ఫ్లెక్సీ. నల్ల కళ్ళజోడు, సెల్‌ఫోను, వెనకాల పులి. ఎవరికో మేనల్లుడై ఉంటాడు. తల పంకించి లోపలికి వెళ్ళి కూర్చున్నాను. ఉద్యోగం ఇవ్వరని తెలుసు. అయినా నాకు గుండె దడ ఏమీ లేదు. ఫుట్‌బాల్ గురించి మాత్రం వీళ్ళు ఒక్క ప్రశ్నా అడగరు.